యూసీ అప్లికేషన్ రివ్యూ: ఎస్సే కంటే ముందు సీట్ల లెక్క చూడండి

ముందే రేటింగ్ చెప్పేస్తా. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) అప్లికేషన్‌కి అయిదుకి నాలుగున్నర. దాని వెనకాల ఏ క్యాంపస్‌లో ఎన్ని సీట్లు, ఎవరికి, ఎప్పటికి అని వేసుకునే ప్లానింగ్‌కి మూడు. వాళ్లు బయటపెట్టే లెక్కలకి మాత్రం అయిదుకి అయిదు, ఎందుకంటే అవి ఓపిగ్గా చూస్తే మిగతా రెండూ ఎందుకు అలా ఉన్నాయో మనకే తెలిసిపోతుంది, ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. మా పెద్దమ్మాయి అప్లై చేసి ఒక యూసీలో చేరిపోయింది, చిన్నవాడు ఇప్పుడు పదకొండో క్లాసు, కాబట్టి ఇంట్లో ఈ గోల ఇంకా అయిపోలేదు. ఇక్కడ బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ వైపు మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సెప్టెంబర్ మొదలయ్యాక వేరే టాపిక్ నడవదు, అందులో సగం పుకార్లే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మొదట ఫారం గురించి. ఒకే అప్లికేషన్‌తో తొమ్మిది క్యాంపస్‌లకి పెట్టుకోవచ్చు. పదోది శాన్ ఫ్రాన్సిస్కో, అది పూర్తిగా మెడికల్, ఫార్మసీ లాంటి పై చదువులకి, ఇంటర్ అయినవాళ్లకి అక్కడ పని లేదు. ఆగస్టు 1న తెరుస్తారు, అక్టోబర్ 1 నుంచి నవంబర్ 30 వరకు సబ్మిట్ చెయ్యొచ్చు. క్యాంపస్‌కి 80 డాలర్లు, ఇండియా నుంచి నేరుగా పెట్టే ఇంటర్నేషనల్ పిల్లలకి 95. ఎనిమిది ప్రశ్నలు ఇస్తారు, మనకి నచ్చిన నాలుగింటికి ఒక్కోదానికి 350 పదాలు దాటకుండా రాయాలి, ఎస్సేలంటే ఇవే. రికమండేషన్ లెటర్ల కోసం టీచర్ల చుట్టూ తిరిగే పని మామూలుగా ఉండదు. ఎస్‌ఏటీ స్కోరు అడ్మిషన్‌కి అసలు చూడరు, ఆ పరీక్షని వదిలేద్దామని 2020లో రీజెంట్స్ (యూసీని నడిపే పాలకమండలి) ఓటేశారు, 2021లో కోర్టు సెటిల్‌మెంట్‌తో అది పూర్తిగా పోయింది. అమ్మానాన్నలు అక్కడే చదివారు కాబట్టి పిల్లలకి మొగ్గు చూపడం లాంటిదీ లేదు, కొన్ని పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలతో పోలిస్తే ఇది నాకు బాగా నచ్చిన విషయం. ఇంకోటి, పిల్లల నెత్తిన ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) గుట్టలుగా పోసే తల్లిదండ్రులు గమనించాల్సింది: అర్హతకి లెక్కేసే జీపీఏలో ఏపీ, ఆనర్స్ కోర్సులకి వచ్చే అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్ల దగ్గర ఆగిపోతాయి. అప్లికేషన్ చదివేవాళ్లు మొత్తం కోర్సులు చూస్తారు నిజమే, కానీ పదిహేను ఏపీలు రాయకపోతే గేటు లోపలికి రానివ్వరు అన్నది మన వాళ్లు మన వాళ్లకి చెప్పుకునే కథ.

అర నక్షత్రం ఎందుకు కోశానంటే, ప్రతి కోర్సూ ప్రతి గ్రేడూ పిల్లలే చేత్తో టైప్ చెయ్యాలి, అందులో తప్పు దొర్లితే తర్వాత బడి ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌తో (మార్కుల పట్టికతో) పోల్చినప్పుడు తలనొప్పి. ఒక వారాంతం దానికే పెట్టుకోండి.

మా అమ్మాయి అప్లై చేసినప్పుడు గుంటూరులో ఉండే మా అన్నయ్య ఫోన్ చేసి "ర్యాంక్ ఎంత వచ్చిందిరా?" అని అడిగాడు. ర్యాంక్ లేదన్నయ్యా అంటే నమ్మలేదు, ఏదో దాస్తున్నాననుకున్నాడు. ఎంసెట్‌లో పెరిగిన మనకి ర్యాంకు, కటాఫ్, వెబ్ ఆప్షన్లు, ఆ వరస రక్తంలో ఉంది. ఇక్కడ గ్రేడ్లు, తీసుకున్న కోర్సులు, ఆ బడిలో ఏం దొరికాయి, ఇంటి పరిస్థితి ఇలా పదమూడు అంశాలు కలిపి చూస్తారు, ఏ క్యాంపస్‌కి ఆ క్యాంపస్ విడిగా చదువుతుంది. దాంతో మన వాళ్లు ఇదంతా లాటరీ అనో, ఎస్సేలోనే మంత్రం ఉంది అనో తేల్చేస్తారు. రెండూ తప్పే. ఎవరో ఒకరు మీ పిల్ల ఎస్సే తెరిచేసరికే ఆ క్యాంపస్‌లో, ఆ మేజర్‌లో (ముఖ్య సబ్జెక్టులో) ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయన్నది రాజధాని శాక్రమెంటోలో వేసే రాష్ట్ర బడ్జెట్‌లోనో, హాస్టల్ గదుల లెక్కలోనో, ఒక్కోసారి కోర్టులోనో తేలిపోయి ఉంటుంది. తల్లిదండ్రులు చూడాల్సింది అటువైపు.

దీనికి పునాది 1960 నాటి మాస్టర్ ప్లాన్. అప్పటి యూసీ ప్రెసిడెంట్ క్లార్క్ కెర్ర్ హయాంలో రాసుకున్నారు: రాష్ట్రంలో హైస్కూల్ ముగించేవాళ్లలో పైనున్న ఎనిమిదో వంతు యూసీకి, మూడో వంతు కాల్ స్టేట్‌కి (రాష్ట్రంలో ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థ), రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ అందరికీ, అక్కడ బాగా చదివితే మళ్లీ యూసీలోకి దారి. కాగితం మీద ఇంత తేటగా ఒక ప్రభుత్వం చదువుని ఏర్పాటు చేసుకోవడం నాకు తెలిసి చాలా అరుదు. చిక్కంతా ఎక్కడంటే, ఆ ఎనిమిదో వంతుకి యూసీలో ఎక్కడో ఒకచోట సీటు అన్నారే కానీ, బర్కిలీలోనో లాస్ ఏంజిలిస్‌లోనో అని ఎవరూ అనలేదు, కానీ అందరూ అడిగేది ఆ రెండే. 2024లో లాస్ ఏంజిలిస్‌కి ఫ్రెష్‌మన్ (నేరుగా మొదటి ఏడాదిలో చేరే) అప్లికేషన్లు లక్షా 45 వేలు దాటాయి, దొరికింది నూటికి తొమ్మిది మందికి. అదే సిస్టమ్‌లో, అదే రీజెంట్స్ కింద, అదే ఫీజుతో నడిచే మెర్సెడ్‌లో అప్లై చేసిన పది మందిలో సుమారు తొమ్మిది మందికి వస్తుంది.

ప్లానింగ్‌కి మూడే ఎందుకిచ్చానో బర్కిలీ సంగతి చెబితే చాలు. 2005లో వాళ్లు వేసుకున్న లాంగ్ రేంజ్ డెవలప్‌మెంట్ ప్లాన్‌లో 2020 నాటికి 33,450 మంది విద్యార్థులు ఉంటారని రాసుకున్నారు. ఆ ఏడాది వచ్చేసరికి 42 వేలు దాటారు. తొమ్మిది వేల మంది తేడా అంటే చిన్న తేడా కాదు, మన దగ్గర మంచి సైజు ఇంజనీరింగ్ కాలేజీలు రెండు మూడు పడతాయి. అంతమందీ ఎక్కడ ఉండాలి? ఊళ్లోనే. అద్దెలు పెరిగాయి, చుట్టుపక్కల వాళ్లు ఒక సంఘం పెట్టుకుని పర్యావరణ చట్టం కింద కోర్టుకెళ్లారు, విద్యార్థుల సంఖ్య పెరగడం కూడా పర్యావరణం మీద ప్రభావమే కదా అని. కోర్టు వాళ్ల వాదనకే మొగ్గింది, మొత్తం విద్యార్థుల సంఖ్యని 2020-21 స్థాయిలో ఆపేయమంది. 2022 మార్చి మొదట్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా స్టే ఇవ్వనంది. అప్పటికి ఆఫర్ లెటర్లు వెళ్లాల్సిన సమయం దగ్గరపడింది, సుమారు మూడు వేల సీట్లు తగ్గించాల్సి వస్తుందని యూనివర్సిటీ ప్రకటించింది. ఆ రెండు వారాలు బే ఏరియాలో పన్నెండో క్లాసు పిల్లలున్న ఇళ్లలో ఎంత టెన్షన్ ఉందో చూసినవాళ్లకే తెలుసు. చివరికి మార్చి 14న అసెంబ్లీ, సెనేట్ ఒకే రోజున, ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా చట్టం మార్చేశాయి, గవర్నర్ ఆ రోజే సంతకం పెట్టారు. అంటే ఆ ఏడాది బర్కిలీలో సీటు వచ్చిన కొన్ని వేల మందికి సీటు తెచ్చింది వాళ్ల ఎస్సే కాదు, ఎస్‌బీ 118 అనే ఒక బిల్లు. వింతగా అనిపించినా నిజం ఇదే.

ఇళ్ల గొడవ బర్కిలీ ఒక్కదానిదే కాదు. శాంటా బార్బరాలో నాలుగున్నర వేల మందికి ఒకే పెద్ద భవనం కడతామన్నారు, వారెన్ బఫెట్ భాగస్వామి, కోటీశ్వరుడు చార్లీ మంగర్ 200 మిలియన్ డాలర్లు ఇస్తానన్నారు, కాకపోతే డిజైన్ ఆయనదే ఉండాలి, ఆ డిజైన్‌లో దాదాపు ఏ పడగ్గదికీ కిటికీ లేదు. 2021లో సలహా కమిటీలోని ఒక ఆర్కిటెక్ట్ ఇది మనుషులు ఉండే తీరు కాదని రాజీనామా చేస్తే దేశమంతా వార్త అయింది, 2023లో ఆ ప్లాన్ పక్కన పెట్టేశారు. ఈలోగా చేరే పిల్లలు చేరుతూనే ఉన్నారు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి: లాస్ ఏంజిలిస్ వాళ్లు 2022 నుంచి చేరే ఫ్రెష్‌మన్‌కి నాలుగేళ్లూ హాస్టల్ ఖాయం అన్నారు, యూసీల్లో అలా చెప్పిన మొదటి క్యాంపస్ అదే. శాన్ డియాగో 2020లో సెవెంత్ కాలేజీ, 2023లో ఎయిత్ కాలేజీ తెరిచి భవనాలు లేపుకుంటూ పోయింది. మీ పిల్లకి రెండు క్యాంపస్‌ల నుంచి ఆఫర్ వస్తే ర్యాంకింగ్ కంటే ముందు హాస్టల్ ఎన్నేళ్లు గ్యారంటీ అని అడగండి. రెండో ఏడాది నుంచి బయట గది అంటే ఫీజు కంటే అద్దె ఎక్కువ కనపడే ఊళ్లివి.

ఇక బయటి రాష్ట్రాల వాళ్ల సంగతి, మన గ్రూపుల్లో ఎక్కువ వేడి పుట్టించే టాపిక్. బయటివాళ్లు, ఇంటర్నేషనల్ పిల్లలు మామూలు ఫీజు మీద అదనం కడతారు, 2025లో కొత్తగా చేరినవాళ్లకి అది ఏటా 37 వేల డాలర్లకి పైనే. 2008 తర్వాత రాష్ట్రం నిధులు కోసినప్పుడు క్యాంపస్‌లు ఆ డబ్బు వైపు చూశాయి, బయటివాళ్ల సంఖ్య గబగబా పెరిగింది, 2016లో స్టేట్ ఆడిటర్ గట్టిగా తప్పుపట్టింది. 2017లో రీజెంట్స్ 18 శాతం పరిమితి పెట్టారు, అప్పటికే దాటేసిన బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో, అర్వైన్‌లని ఎక్కడున్నవాళ్లు అక్కడ ఆగమన్నారు. తర్వాత 2021 బడ్జెట్‌లో రాష్ట్రం ఇంకో అడుగు వేసింది, మొదటి మూడు క్యాంపస్‌లూ ఏటా కొంత తగ్గించుకుంటూ 18కి రావాలి, పోయే ఫీజు డబ్బు మేమిస్తాం అని. ఇది నాకు నచ్చిన ప్లానింగ్, ఎందుకంటే సీటు ఎవరిదో, దానికి డబ్బు ఎవరిస్తారో రెండూ ఒకే చోట రాశారు. హైదరాబాద్‌లో ఉండి అప్లై చేసేవాళ్లకి మాత్రం ఇది చేదు వార్తే, ఆ మూడు క్యాంపస్‌లలో మీ వాటా సన్నబడుతోందని తెలిసే 95 డాలర్లు కట్టండి.

2022లో యూసీ 2030 నాటికి ఇంకో 23 వేల మందికి చోటు కల్పిస్తామని ప్రణాళిక ప్రకటించింది, ఒక మెర్సెడ్ క్యాంపస్‌కి రెండింతల పైమాట. గవర్నర్ ఏటా 5 శాతం నిధులు పెంచుతానని ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత రాష్ట్ర ఖజానా చిక్కిపోయి చెల్లింపులు వాయిదా పడ్డాయి. వాయిదా పడ్డ డబ్బుతో ప్రొఫెసర్‌ని ఇప్పుడు తీసుకోలేరు కదా. అందుకే మూడు.

మెర్సెడ్ గురించి కొంచెం ఎక్కువ చెబుతా, మన వాళ్లు పేరు వినగానే మొహం తిప్పేసుకుంటారు కాబట్టి. శాన్ వాకిన్ వ్యాలీ అంతా పొలాలు, లక్షల జనం, ఒక్క యూసీ కూడా లేదు, అందుకని అక్కడ పెట్టాలని నిర్ణయించారు. మొదట అనుకున్న స్థలంలో వానాకాలం నీటి గుంటలు, వాటిలో బతికే అరుదైన బుల్లి రొయ్యలు ఉన్నాయని తేలితే స్థలం మార్చి పక్కనే ఒక గోల్ఫ్ మైదానం ఉన్నచోట కట్టారు. 2005లో 875 మందితో తలుపులు తెరిచింది. పూర్తి నాలుగేళ్లు అక్కడే చదివిన మొదటి బ్యాచ్ 2009లో పట్టా తీసుకున్నప్పుడు పిల్లలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి మిషెల్ ఒబామాని రప్పించుకున్నారు. 2020కల్లా 1.3 బిలియన్ డాలర్లు పెట్టి క్యాంపస్‌ని దాదాపు రెండింతలు చేశారు, అది కూడా బడ్జెట్‌లోనే, వేళకే. ఇప్పుడు తొమ్మిది వేల దాకా ఉన్నారు, 2025లో యూనివర్సిటీలని వర్గాలుగా విడదీసే కార్నెగీ వాళ్లు దేశంలో పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీలకి ఇచ్చే ఆర్1 హోదా కూడా ఇచ్చారు. ఇరవై ఏళ్లలో ఇంత దూరం వచ్చిన ప్రభుత్వ యూనివర్సిటీని "ఎవరికీ రాని వాళ్లు వెళ్లేది" అని కొట్టిపారేయడం అన్యాయం. రాష్ట్రంలోనో మీ బడిలోనో పైనున్న 9 శాతంలో ఉండి, అడిగిన క్యాంపస్‌లేవీ ఇవ్వకపోతే, చోటున్న క్యాంపస్‌లో సీటిస్తామని యూసీ అంటుంది, ఆ చోటు ఎక్కువగా ఉండేది మెర్సెడ్‌లోనే. అలా వచ్చిన ఆఫర్‌ని చాలామంది తెరిచి కూడా చూడరు. ఊరు చిన్నది, వేసవిలో మండిపోతుంది, మంచి దోశ కోసం కారెక్కాలి, అవన్నీ నిజం. కానీ ప్రొఫెసర్ ల్యాబ్‌లో రెండో ఏడాదే పని దొరకాలంటే వందల మంది క్యూలో లేని చోటు కావాలి.

కంప్యూటర్ సైన్స్ కావాలనుకునేవాళ్లు (అంటే మన వాళ్లలో చాలామందిమి) ఇది రెండుసార్లు చదవండి. "ముందు ఏదో ఒక మేజర్‌లో దూరి తర్వాత మారదాం" అన్న పాత చిట్కా ఇప్పుడు పనిచెయ్యదు. బర్కిలీలో ఒకప్పుడు లెటర్స్ అండ్ సైన్స్ అనే విభాగంలో చేరి మొదటి కోర్సుల్లో 3.3 జీపీఏ తెచ్చుకుంటే కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా తీసుకోగలిగేవాళ్లు, దాంతో క్లాసులు కిక్కిరిసిపోయాయి, 2023లో చేరిన బ్యాచ్ నుంచి అప్లికేషన్‌లోనే ఆ మేజర్‌కి ఎంపికవ్వాలి. శాన్ డియాగోలో కూడా గిరాకీ ఉన్న మేజర్లలోకి లోపలికొచ్చాక మారడం చాలా కష్టం. క్యాంపస్ అడ్మిట్ రేటు చూసి ధైర్యం తెచ్చుకోకండి, మేజర్ అడ్మిట్ రేటు వేరు. పిల్లకి గణాంకాలో, కాగ్నిటివ్ సైన్సో నిజంగా ఇష్టమైతే దానికే పెట్టండి, దొంగదారి కోసం మాత్రం పెట్టొద్దు, ఇష్టంలేని డిగ్రీతో నాలుగేళ్లు ఇరుక్కుంటారు.

యూసీ మొత్తంలో నన్నడిగితే ఉత్తమమైన సర్వీసు ట్రాన్స్‌ఫర్ దారి, అదే మన వాళ్లు వాడనిది. ప్రతి ఇద్దరు ఫ్రెష్‌మన్‌కి ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున తీసుకోవాలని యూసీ లక్ష్యం పెట్టుకుంది. కూపర్టినోలో డి యాంజా, ఫ్రీమాంట్‌లో ఓలోనీ, ప్లెజంట్ హిల్‌లో డయాబ్లో వ్యాలీ, ఇలా ఇంటి దగ్గరే రెండేళ్లు చదివి మూడో ఏడాది యూసీలో చేరొచ్చు, చేతికొచ్చే పట్టా మీద యూసీ పేరే ఉంటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలో ఒకదానికి ట్యాగ్ అనే గ్యారంటీ ఒప్పందం పెట్టుకోవచ్చు, సెప్టెంబర్ నెలలోనే పెట్టాలి, చెప్పిన కోర్సులు చెప్పిన గ్రేడ్లతో పూర్తి చేస్తే సీటు రాసిచ్చినట్టే. అన్ని మేజర్లకీ వర్తించదు, కంప్యూటర్ సైన్స్ వైపు మినహాయింపులు చాలా ఉంటాయి, ఆ ఏడాది పట్టిక చూసుకోవాలి. ఏ కాలేజీ కోర్సు ఏ యూసీ కోర్సుకి సమానమో అసిస్ట్ అనే సైట్‌లో వరసగా రాసి ఉంటుంది. ఫ్రెష్‌మన్‌కి తొమ్మిది శాతం ఇచ్చే లాస్ ఏంజిలిస్‌లోనే ట్రాన్స్‌ఫర్‌గా పెడితే నలుగురిలో ఒకరికి వస్తోంది. మరి ఎందుకు వెళ్లరంటే, దీపావళి పార్టీలో "మీ అబ్బాయి ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే కమ్యూనిటీ కాలేజీ అని చెప్పడానికి నామోషీ. రెండేళ్ల ఫీజు, రెండేళ్ల అద్దె కలిపితే ఆ నామోషీ ధర ఎంతో మీరే లెక్కేసుకోండి.

అయిదుకి అయిదు ఇచ్చిన లెక్కల సంగతి. యూసీ ఇన్ఫర్మేషన్ సెంటర్ అని ఒక సైట్ ఉంది, ఉచితం, లాగిన్ కూడా లేదు. మీ పిల్లల హైస్కూల్ పేరు కొడితే ఆ బడి నుంచి ఏ క్యాంపస్‌కి ఎంతమంది పెట్టారు, ఎంతమందికి వచ్చింది, ఎంతమంది చేరారు, వాళ్ల సగటు జీపీఏ ఎంత, ఏళ్లవారీగా వస్తుంది. ట్రాన్స్‌ఫర్‌కైతే మేజర్ల వారీగా కూడా ఇస్తారు. ఇవి చూశాక మా వాడికి తొమ్మిది క్యాంపస్‌లు టిక్ పెట్టక్కర్లేదని, అయిదు చాలని మేమే అనుకున్నాం. ఇక్కడే ఒక కన్సల్టెన్సీ, పేరెందుకు లెండి, మొదటి మీటింగ్‌లో మాకు చూపించిన రంగురంగుల చార్టు అచ్చంగా ఈ సైట్‌లోదే, పక్కన వాళ్ల లోగో పెట్టుకుని కొన్ని వేల డాలర్ల ప్యాకేజీ చెప్పారు. ఎస్సే దిద్దించుకోవడానికి మనిషి కావాలంటే బడిలో ఇంగ్లీషు టీచరు ఉన్నారు.

ఫీజు విషయంలో ఒక మంచి మాట: 2022 నుంచి చేరిన ఏడాది ట్యూషన్ ఫీజు ఎంతో అదే ఆరేళ్ల వరకు మారదు. కొత్త బ్యాచ్‌కి పెరుగుతుంది, లోపల ఉన్నవాళ్లకి పెరగదు. నాలుగేళ్ల ఖర్చు ముందే కాగితం మీద వేసుకోవచ్చు, ఇంటి లోను ఉన్నవాళ్లకి ఇది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

వీసా మీద ఉన్నవాళ్లకి వేరేగా చెప్పాలి. హెచ్1, హెచ్4, ఎల్ వీసాల మీద ఉన్నా కాలిఫోర్నియా రెసిడెంట్ ఫీజుకి అర్హత తెచ్చుకోవచ్చు, గ్రీన్ కార్డు లేదు కాబట్టి బయటివాళ్ల ఫీజు పడుతుందని భయపడి ముందే మానుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఫెడరల్ ఎయిడ్ మాత్రం రాదు. అసలు చిక్కు 21 ఏళ్లు నిండినప్పుడు వస్తుంది: హెచ్4 (తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడ్డది) పోయి ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారితే రెసిడెన్సీ లెక్క మారిపోవచ్చు, మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో ఫీజు ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది. ప్రతి క్యాంపస్‌లో రిజిస్ట్రార్ ఆఫీసు కింద రెసిడెన్స్ డిప్యూటీ అని ఒకరు ఉంటారు, తేల్చేది వాళ్లే. వాట్సాప్ గ్రూపులో అడగకండి, మీ పిల్ల పుట్టినరోజు, వీసా తేదీలు రాసి వాళ్లకే మెయిల్ పెట్టి, ఆఫర్‌కి ఓకే చెప్పకముందే జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.